అల్లుడుగారి కొత్త పేజీ

సోమవారం ఉదయం పదిన్నరకి కస్టమర్లు మాయమయ్యారు.

ఒకరా ఇద్దరా? రోజుకి పదిహేను మంది కళ్ళ పరీక్షకి వచ్చే షాపు అది. సోమవారం మధ్యాహ్నం నుంచి ఇద్దరే వచ్చారు. మంగళవారం ఒక్కరు. బుధవారం వచ్చిన మనిషి పక్కనున్న ఇన్సూరెన్స్ ఆఫీసు ఎక్కడని అడిగి వెళ్ళిపోయాడు.

గురువారం పదకొండింటికి ఓనరు కళ్ళు పరీక్షించే టెక్నీషియన్‌ని ఉద్యోగంలోంచి తీసేశాడు. పన్నెండున్నరకి సైబర్ సెల్‌లో కంప్లైంట్ ఇచ్చాడు. ఆమె కస్టమర్ల లిస్టు దొంగిలించి, రెండు వీధుల అవతల తన పిన్ని కూతురు తెరిచిన కళ్ళజోళ్ళ షాపుకి అందించిందట.

శుక్రవారం ఉదయం తొమ్మిదీ నలభైకి ఎస్సై ఆ షాపున్న రెండో అంతస్తుకి మెట్లెక్కి వచ్చింది. లిఫ్టు పనిచేయలేదు. కేసు మీద ఆవిడకి చిరాకు మొదటి అంతస్తులోనే మొదలైంది.

లోపల ముగ్గురున్నారు. ఓనరు, ఓనరు అల్లుడు, టెక్నీషియన్. పదకొండేళ్ళుగా ఇక్కడ జనం కళ్ళు పరీక్షించిన మనిషి ఆమె. ఎస్సై పిలిపిస్తే వచ్చి గోడవారన నిలబడింది. కూర్చోమన్న పాపాన ఎవరూ పోలేదు. దొంగ అన్న పేరు పడితే ఈ ఊళ్ళో ఏ కళ్ళజోళ్ళ షాపూ ఆమెని గడప తొక్కనివ్వదు. ఆ సంగతి ఆమెకి తెలుసు.

అల్లుడు మాత్రం నల్లద్దాలు నెత్తిమీదికి తోసుకుని, తిరిగే కుర్చీలో తిరుగుతున్నాడు. టేబుల్ మీద కార్డులు పేర్చి ఉన్నాయి. "డిజిటల్ హెడ్" అని. ఆ డిజిటల్‌కి తలా తనే, తోకా తనే.

"ఆన్‌లైన్‌లో షాపు పేజీ ఎవరు చూస్తారు?" అడిగింది ఎస్సై.

"నేనే మేడమ్. సోమవారం బిజినెస్ పేజీలన్నిటి డిజైనూ మార్చేశారు కదా? ఊరంతా తల పట్టుకుంది. నేను అరగంటలో పట్టేశాను."

"ఏం మారింది?"

"పైన పెద్ద కవర్ ఫొటో. ఏ పోస్టునైనా పిన్ చేస్తే వారం రోజులు అన్నిటికన్నా పైనే ఉంటుంది. వెనకటిలా అపాయింట్‌మెంట్లు అడుగుతూ పేజీ నిండా జనం రాయడం లేదు. నీట్‌గా ఉంది."

"మీరేం పిన్ చేశారు?"

"ఎక్కువ లైకులొచ్చిన ఫొటో. రెండువందల పన్నెండు!"

"రోజూ చూస్తున్నారా?"

"గంటకోసారి."

లాప్‌టాప్ ఇటు తిప్పాడు. స్క్రీన్ నిండా గ్రాఫులు, అంకెలు. ఒక మూల ఎర్రగా నలభై మూడు.

"ఈ ఎర్ర అంకె ఏంటి?"

"కొత్త లైకులు మేడమ్. సోమవారం సున్నా. ఇవాళ నలభై మూడు. పేజీ పెరుగుతోంది. ఇంట్లోనే దొంగ ఉంటే పేజీ ఏం చేస్తుంది పాపం?"

"మా అల్లుడుగారు పట్టిందల్లా బంగారమే మేడమ్," అన్నాడు ఓనరు. "ఇదిగో, ఈవిడే కొంప ముంచింది. మా పాత కస్టమర్లు ముగ్గురు ఆ షాపు ఫ్రేములు పెట్టుకుని తిరుగుతున్నారు. నా కళ్ళతో నేను చూశాను."

ఎస్సై గోడవైపు తిరిగింది.

"ఎవరినైనా అక్కడికి పంపావా అమ్మా?"

"లేదు మేడమ్."

"కస్టమర్లు రావట్లేదని అనుమానం రాలేదా?"

"వచ్చింది. మంగళవారమే చెప్పాను."

"ఎవరికి?"

"ఎక్కడ చెప్పమన్నారో అక్కడే చెప్పాను."

"పచ్చి అబద్ధం!" అల్లుడి కుర్చీ ఆగింది. "నాతో ఒక్క మాట అనలేదు."

ఎస్సై ఆ ముగ్గురు కస్టమర్లలో ఒకరి నంబరు అడిగి తీసుకుంది. రిటైరైన హెడ్మాస్టరు. పదీ ఐదుకి స్పీకర్‌లో ఫోన్ చేసింది.

"మాష్టారూ, కళ్ళజోడు కొత్త షాపులో ఎందుకు చేయించారు? ఎవరైనా పంపారా?"

"ఎవరు పంపుతారమ్మా? పాత షాపు మూసేశారుగా."

"ఎవరు చెప్పారు?"

"వాళ్ళే! పేజీలో పెట్టారు. మెసేజ్ పెడితే ఉలుకూ లేదు, పలుకూ లేదు."

ఎస్సై తన సొంత ఫోన్ తీసి షాపు పేజీ తెరిచింది. అరనిమిషం చూసింది. తర్వాత ఓనరుని, అల్లుణ్ణి మార్చి మార్చి చూసింది. ఊరందరికీ చూపు సరిచేస్తామని బోర్డు పెట్టుకున్న మనుషులు!

"మీ లాప్‌టాప్‌లో కనిపించేది పేజీ నడిపేవాళ్ళకి కనిపించే ప్యానెల్. అది పేజీని కప్పేస్తోంది. కస్టమర్‌కి ఆ ప్యానెల్ ఉండదు. కస్టమర్‌కి కనిపించేది ఇది."

ఫోన్ టేబుల్ మీద పెట్టింది. అన్నిటికన్నా పైన, షాపు షట్టర్ ముందు, రంగుల బ్రష్షు పట్టుకుని నల్లద్దాల్లో నవ్వుతున్న అల్లుడు. పోయినేడాది పోస్టు. దాని మీద రాసి ఉంది: "రంగులు వేస్తున్నాం. షాపు మూసి ఉంటుంది. ఫోన్లు కూడా పనిచేయవు. తెరిచినప్పుడు ఇక్కడే చెప్తాం."

"తమరి మొహం చూసుకుని మురిసిపోయారు. రాసింది చదవలేదు. సోమవారం పదిన్నరకి పిన్ చేసి, మీ షాపు మీరే మూసేశారు."

"ఫొటో బాగుందని..."

"ఆ ఎర్ర అంకె నొక్కండి."

"అవి లైకులు కదా మేడమ్?"

"నొక్కవయ్యా!"

నొక్కాడు. మెసేజ్‌లు. నలభై మూడు. ఒక్కటీ తెరవలేదు. షాపు శాశ్వతంగా మూసేశారా? మా అమ్మ కళ్ళజోడు మీ దగ్గరే ఉండిపోయింది, ఎవర్ని అడగాలి? బాబుకి రేపు పరీక్ష, అద్దాలు పగిలాయి, ఎవరైనా పలకండి.

"మంగళవారం, ఎనిమిదీ పద్నాలుగు. పైకి చదవండి."

అల్లుడు నల్లద్దాలు కళ్ళమీదికి దించుకున్నాడు. ఎస్సైయే చదివింది. "సార్, షాపు మూసి ఉందని పేజీలో పైనే కనిపిస్తోంది. వెంటనే తీసేయండి, కస్టమర్లు పోతారు." పంపింది టెక్నీషియన్.

"ఎదురుగా చెప్పొచ్చు కదమ్మా?" అన్నాడు ఓనరు.

"సోమవారం అల్లుడుగారు మీటింగ్ పెట్టారు సార్. పేజీ సంగతులు పేజీకే మెసేజ్ పెట్టాలి, ఎవరూ నా దగ్గరికి రావద్దు, ప్రొఫెషనల్‌గా ఉండాలి అన్నారు. గురువారం మీతో చెప్పబోతే నోరు ముయ్యమన్నారు."

ఓనరు అల్లుడి వైపు చూడలేదు. "ఏదో పొరపాటైపోయింది. పిల్లనిచ్చుకున్నవాణ్ణి, ఆయన్ని ఏమనగలను? నువ్వు సర్దుకుపోవాలి తల్లీ. ఇవాళే పనిలోకి వచ్చేయ్. ముందు ఈ నలభై మూడు మందికీ జవాబులు రాయాలి."

"వీళ్ళలో సగం మంది పవర్లు నాకు నోటికొచ్చు సార్," అంది టెక్నీషియన్. "లిస్టు నేను దొంగిలించడం దేనికి? ఆ ఒక్క ముక్క మీకు తట్టలేదు. మా చెల్లెలు తన షాపుకి ఆర్నెల్లుగా రమ్మంటోంది. మిమ్మల్ని వదలలేక వెళ్ళలేదు. ఇప్పుడు వెళ్తున్నాను."

"మేడమ్! మా కస్టమర్లంతా ఈవిడ వెంటే పోతారు!" అన్నాడు ఓనరు.

"పోతారు. నిన్న పదకొండింటికి తీసేసింది మీరే. ఆవిడ ఎక్కడ పనిచేస్తే మీకెందుకు? కంప్లైంట్ వెనక్కి తీసుకుంటున్నానని రాసి సంతకం పెట్టండి. ఆవిడ ఏ తప్పూ చేయలేదని కూడా రాయండి."

ఓనరు రాశాడు. ఎస్సై ఆ కాగితం కాపీ తీయించి టెక్నీషియన్ చేతికిచ్చింది. ఆమె దాన్ని రెండుసార్లు చదువుకుని, మడిచి బ్యాగులో పెట్టుకుని మెట్లు దిగి వెళ్ళిపోయింది.

అల్లుడు ఇంకా పిన్ ఎలా తీయాలో వెతుకుతూనే ఉన్నాడు.