శ్లోక ఎవరి వీసా మీద?

శనివారం పొద్దున మంజుల పాపకు నూనె రాసి, చేతులు తుడుచుకుని, బీరువాలోంచి ఫైలు తీసింది. గల్ఫ్‌లో, అల్ నహ్దా పేటలోని ఆ ఒంటిగది ఫ్లాట్‌లో మూడు నెలల శ్లోక చాప మీద కాళ్లు ఆడిస్తోంది. ఇంకో నెలలోపు పాపకు వీసా తీయకపోతే జరిమానా మొదలవుతుంది. అది తల్లి మీదనో, తండ్రి మీదనో తీయాలి. ఇద్దరి మీదా కుదరదు.

“ఈ లెటర్ మీద సంతకం పెట్టు. పాపను నా వీసా మీద తీసుకుంట.”

గంగాప్రసాద్ తాగుతున్న చాయ్ పక్కన పెట్టేశాడు. తండ్రిగా తనకు అభ్యంతరం లేదని రాసిచ్చే కాగితం అది. జగిత్యాల కోర్టులో అతని మొదటి పెళ్లి విడాకుల కేసు ఐదేళ్లయినా తేలలేదు. అందుకే మంజులను పెళ్లి చేసుకోలేకపోయాడు. పెళ్లి కాకున్నా బిడ్డను నమోదు చేసుకోవచ్చని ఇక్కడ కొత్త చట్టం వచ్చాక, ఈ బిడ్డ మాదేనని ఇద్దరూ రాసిచ్చి బర్త్ సర్టిఫికెట్ తెచ్చుకున్నారు.

“నీ మీదెందుకు? నేనేం గానా?”

“నీ మీద వద్దు.”

“ఎందుకు వద్దు? పెండ్లి కాలేదనేనా? రేపు నాతోని పొసగకుంటే బిడ్డను సంకనేసుకుని పోతవ్. గంతేనా?”

ఆ అరుపుకు పాప ఉలిక్కిపడి ఏడ్చింది. మంజుల ఎత్తుకుని వీపు నిమిరింది.

“నీ కంపెనీ నిన్ను తీసేస్తున్నదని నాకు తెల్సు. మా క్లినిక్‌ల షాహీదా చెప్పింది. వాళ్లాయన నీ గోదాంలనే చేస్తడు గదా. నెలాఖరుకు ఖలాస్ అంట.”

గంగాప్రసాద్ మంచం మీద కూలబడ్డాడు. పదిహేను రోజులుగా నోటిదాకా వచ్చి ఆగిపోతున్న మాట అది.

“నీ వీసా రద్దయితే పాపదీ రద్దయితది. నా నర్సు కొలువుకు ఢోకా లేదు. గందుకే అడిగిన. నువ్వే చెప్తవని రోజూ చూసిన ప్రసాద్.”

“ఎట్ల చెప్పాల్నో తెల్వలే. పెండ్లీ చేసుకోకపోతి, ఇప్పుడు కొలువూ లేకపాయె. ఏం చూసి నాతో ఉంటవ్ అనుకున్న.”

“పోయేదాన్నయితే ఎప్పుడో పోతుంటి.”

అతను రెండు చేతుల్లో ముఖం దాచుకుని ఏడ్చాడు. మంజుల పక్కన కూర్చుని, ఏడుస్తున్న పాపను అతని ఒళ్లో పెట్టింది. కాసేపటికి ఇద్దరి ఏడుపూ ఆగింది. ఎన్నాళ్లకో అతనికి గుండె తేలికపడింది.

పదకొండింటికి ముగ్గురూ వీధి చివర, వీసా దరఖాస్తులు నింపిపెట్టే టైపింగ్ సెంటర్‌కు వెళ్లారు. అక్కడ కూర్చునే కడప మనిషి ఖాదర్ హుస్సేన్ కాగితాలన్నీ తిరగేశాడు.

“వీసా అమ్మ మీదైనా నాయన సంతకం లేకుంటే ఫైలు కదలదు. పాప నాయన ఎవరు?”

“నేనే,” అన్నాడు గంగాప్రసాద్. గొంతు మరీ పెద్దగా వచ్చింది. వరసలో ఉన్నవాళ్లంతా తిరిగి చూశారు. మంజుల నవ్వు ఆపుకోలేకపోయింది.

శ్లోకను ఎడమ చేత్తో ఎత్తుకునే అతను సంతకం పెట్టాడు. పాప పెన్ను లాగడంతో అక్షరాలు కాస్త వంకర పోయాయి.

“పర్లేదులే సార్,” అన్నాడు ఖాదర్ హుస్సేన్, కాగితం అందుకుంటూ.