కన్ను మూసిన ఈక్వలైజర్

"చెడిన సిగ్నల్‌ను దిద్దే ఈక్వలైజర్ బోర్డూ పోయింది, దాన్ని తయారుచేసిన కీర్తికా పోయింది!" ఫోన్‌లో చీఫ్ రాఘవన్ మండిపడుతున్నాడు. "నాలుగింటికి మన క్షిపణి పరీక్ష డేటా గాల్లోకి వెళుతుంది. రెంటినీ ఎత్తుకెళ్ళిన మార్టిన్ ముఠా ఆ బోర్డుతో దాన్ని చదివిందా, కొంప మునిగినట్టే! నువ్వు మన మనిషివని కీర్తికకు తెలిపే కోడ్ వర్డ్, బొమ్మిడి బండి."

ఏజెంట్ యువరాజ్ అప్పటికే చెట్టికరై దగ్గర ముఠా మేడలో దూరాడు, కేబుల్ టీవీ మనిషి వేషంలో. 2006లో తమిళనాట కేబుల్ వాణ్ని ఆపే మొనగాడెవడు? డిష్ నుంచి రిసీవర్‌కు వైరు లాగమని ముఠాయే పిలిచింది! మధ్యలో పెద్ద వైరు చుట్ట కలిపి, డిపార్ట్‌మెంట్ వారి స్ప్లిటర్ డబ్బా బిగించాడు. కటింగ్ ప్లేయర్ పిడిలో ఆ డబ్బాను నడిపే మీట ఉంది. ఒకసారి నొక్కితే లైను తెగుతుంది. రెండుసార్లు నొక్కితే చుట్ట మాత్రమే తప్పుకుంటుంది.

కుర్చీకి కట్టేసిన కీర్తిక కణతకు మార్టిన్ పిస్టల్ ఆనించాడు. "బోర్డు ఆన్ చెయ్."

"కాల్చుకో! నా సర్క్యూట్ నీకు ఊడిగం చేయదు." కీర్తిక తల వంచలేదు.

యువరాజ్ వైరు సర్దుతూ, ముఠాకు అర్థం కాదని ఇంటి తెలుగులో గొణిగాడు. "బొమ్మిడి బండి వచ్చేసింది చెల్లీ. లైను తెంపేస్తా."

"తెంపొద్దన్నా! వీడికి తెలిస్తే నన్ను కాల్చేస్తాడు. మొదట పాఠం సిగ్నల్ వస్తాది. వైరులో సిగ్నల్ ఎంత చెడతాదో బోర్డు అప్పుడే నేర్చుకొంటాది. పాఠం అయినంక చుట్ట తీసేయి. లేని తప్పు దిద్దబోయి అదే చెడిపోతాది."

"ఏమంటోంది?" మార్టిన్ అరిచాడు.

పక్కనే మంగ. నల్ల కళ్ళద్దాలు, ఎర్ర లిప్‌స్టిక్, డిపార్ట్‌మెంట్‌కు ద్రోహం చేసి ముఠాలో చేరిన మహాతల్లి. ఇంగ్లీషు తప్ప మరో ముక్క రాని మార్టిన్ తమిళం కోసమే ఆమెను వెంట తిప్పుకుంటున్నాడు; వాడి చెవికి ఇదీ తమిళమే. "దాహమట. నీళ్ళు ఇస్తే ఆన్ చేస్తుందట," అంది ఆవులిస్తూ.

"ముందు పని!" వాడు కీర్తిక కుడిచేతి కట్టు విప్పాడు. కీర్తిక స్విచ్ వేసింది.

నాలుగైంది. పాఠం సిగ్నల్ వచ్చింది. సిగ్నల్ చూపే స్కోప్ తెరపై గజిబిజి గీతలు విడివడి, నడుమ కన్నులాంటి ఖాళీ చక్కగా తెరుచుకుంది, సిగ్నల్ శుభ్రపడినట్టే. మార్టిన్ ఈల వేశాడు. పాఠం ముగిసి అసలు డేటా మొదలైంది.

యువరాజ్ రెండుసార్లు నొక్కాడు.

చుట్ట లేదని పాపం సర్క్యూట్‌కు తెలియదు. నేర్చుకున్న దిద్దుబాటే చేసింది, తప్పింది. ఆ తప్పునే నమ్మి మళ్ళీ దిద్దుకుంది, ఇంకా తప్పింది. కన్ను మూసుకుపోయింది. తెరంతా చెత్త!

"మోసం!" మార్టిన్ పిస్టల్ ఎత్తాడు. ట్రిగ్గర్ మీద వేలు బిగిసేలోపు వాడి మెడకు చల్లగా మరో పిస్టల్ తగిలింది. మంగది.

"అలమేలుమంగ, ధర్మపురి అంగడివీధి," అందామె అచ్చం కీర్తిక యాసలోనే. "మా ఇంట్లోనూ ఇదే తెలుగు మాటరా! ద్రోహమని నమ్మించేదానికి రాఘవన్ సారు నన్ను ఎంత తిట్టినాడో!"

యువరాజ్ ఆ చుట్ట వైరుతోనే మార్టిన్‌ను బిగించి కట్టాడు.

కీర్తిక ఊపిరి పీల్చుకుంది. "అక్కా, ఇప్పుడు నిజంగానే దాహమైతాంది. నీళ్ళిస్తావా?"