మూసిన కిటికీ వెనక

“నా వాన మీద మీకెందుకండీ అంత పగ?”

గేమ్‌కి బొమ్మలు గీసే బొమ్మలమ్మాయి వస్తూనే, దాన్ని ఆడి తప్పులు పట్టే టెస్టర్ బల్లమీద అరచేత్తో చరిచింది. వరసగా పడుకున్న ముసలి టాబ్లెట్లు ఉలిక్కిపడ్డాయి. వాటికంటే ఎక్కువగా అతను ఉలిక్కిపడ్డాడు.

“పగ నాది కాదండీ, వీటిది. మీరు గీసిన వానవీధి రాగానే గేమ్ టక్కున మూసుకుపోతోంది. కొత్త టాబ్లెట్లలో బాగానే ఆడుతోంది.”

“అయితే పాతవి పారెయ్యండి!”

“పిల్లల ఆస్పత్రిలో ఉన్నవన్నీ ఇలాంటివే. సూది చూసి ఏడ్చే పిల్లల కోసమే కదా మనం గేమ్ చేస్తున్నది? వీటి మెమరీ పిడికెడు. ముసలి ఎద్దు రెండు బస్తాలైతే మోస్తుంది. మీరు బండెడు వేశారు.”

“కోడిగుడ్డుకి ఈకలు పీకడంలో మీ తర్వాతే ఎవరైనా!”

సైకిల్ షాపు పైనున్న రెండు గదుల్లో వాళ్ళ గేముల కంపెనీ. నడిపేది బొమ్మలమ్మాయి అక్క. ఆవిడ గొంతెత్తితే కింద షాపులో గాలి కొట్టే పంపు కూడా ఆగి వింటుంది. ఇప్పుడు ఆవిడే గుమ్మంలో నిలబడింది.

“సాయంత్రం గేమ్ ఆస్పత్రికి పంపాలి. ఈలోగా క్రాష్ ఆగిందా, సరేసరి. లేదంటే ఆ వీధి మొత్తం తీసేస్తాను.”

“అక్కా! నెలల తరబడి గీశానే!”

“గీశావు, కాదన్నానా? పిల్లల చేతిలో ఆగిపోయే బొమ్మ ఎంత అందంగా ఉంటే ఏం లాభమే?”

ఆ పిల్ల కళ్ళు తిప్పుకుంది. అప్పటికే ఆలస్యమైంది, టెస్టర్ తడి చూసేశాడు. ఆ వీధి పోతే పోగొట్టింది తనే అవుతాడు. ఇక ఈ జన్మలో ఆమె తనతో పోట్లాడదు. ఆమె పోట్లాడని ఆఫీసుకి రావడం దేనికి?

పనిలోకి దిగాడు. మిగతా యాప్‌లు మూసి, టాబ్లెట్ ఆపి మళ్ళీ వేశాడు. క్రాష్. చినుకులు సగానికి తగ్గించాడు. పక్కన ఆమె పళ్ళు కొరుకుతున్న చప్పుడు. మళ్ళీ క్రాష్. చివరికి వాన మొత్తం ఆపి చూశాడు. అయినా క్రాష్!

“చూశారా? నా వాన తప్పు కాదు!”

“వాన కాదండీ... మీ ఇళ్ళు.”

వీధిలోని ఇళ్ళ ఫైళ్ళు ఒక్కొక్కటే తెరిచాడు. మూసిన ప్రతి కిటికీ వెనకా ఒక గది. ఒకచోట పొయ్యి మీద పొంగబోతున్న పాలు, ఒకచోట సూదిలో దారం ఎక్కిస్తున్న అవ్వ, ఒకచోట నిద్రపోతున్న పిల్లి.

“కిటికీలు మూసే ఉన్నాయి కదండీ. లోపలివి ఎవరు చూస్తారు?”

“లోపల మనుషుల్లేకుండా కిటికీ గీయడం నాకు రాదు.”

“కనబడకపోయినా టాబ్లెట్ అవన్నీ మోయాల్సిందే.” ఒక్కొక్క గదీ జాగ్రత్తగా తీసి పక్కన దాచాడు. వీధి చివరింటి దగ్గర ఆగాడు. “అన్నిటికంటే బరువు ఇదే. అంత ఏముందండీ ఇందులో?”

“అది తెరవకండి!”

తెరిచేశాడు. గదిలో బల్ల. బల్లమీద వరసగా పాత టాబ్లెట్లు. వాటి మీదికి వంగిన కుర్రాడు. ముక్కు మీదికి జారిన కళ్ళజోడు, చెవి వెనక పెన్సిలు, ఒక్కొక్క వెంట్రుకా విడివిడిగా! టెస్టర్ చెయ్యి తన చెవి వెనక్కి పోయింది. పెన్సిలు అక్కడే ఉంది.

ఆమె దొంగకు తేలు కుట్టినట్టు నిలబడింది.

“ఇది... ఎప్పుడు గీశారు?”

“అన్నిటికంటే ముందు. చుట్టూ వీధి తర్వాత వచ్చింది.”

“మరి రోజూ ఆ పోట్లాట?”

“ఇంకెలా పలకరించను? మీరు తలెత్తితేగా!”

“ఎత్తితే మీరు కనబడతారు. నాదీ పాత మోడలేనండీ. మీరు గదిలోకొస్తే లోపల ఇంకేదీ నడవదు.”

ఆమె పెదవి బిగించి నవ్వాపుకుంది. “సరే, తీసెయ్యండి.”

“చెయ్యి రావట్లేదు.”

ఆమే వంగి తీసేసింది. “మనిషి ఎదురుగా ఉన్నాడుగా.”

అన్నిటికంటే ముసలి టాబ్లెట్‌లో వానవీధి తెరిచారు. చినుకులన్నీ తిరిగి వచ్చాయి. వాన పడింది, పడుతూనే ఉంది.

“ఆగిందా క్రాష్?” అక్క గుమ్మంలోంచి అడిగింది.

“ఆగిందక్కా. కిటికీల వెనక గదులు తీసేశాం.”

“చివరింటి అబ్బాయిని కూడానా?” ఇద్దరి మొహాలూ చూసి ఆవిడ నవ్వింది. “ఫైళ్ళు నేను చూడననుకున్నారా? బాబూ, ఆదివారం మీ అమ్మగారిని మా ఇంటికి తీసుకురా. ముందు గేమ్ పంపండి.”

అక్క వెళ్ళాక బొమ్మలమ్మాయి గొంతు తగ్గించింది. “మీ అమ్మగారికి నా గురించి ఏమని చెప్తారు?”

“కొత్తగా చెప్పేదేముంది? రోజూ అన్నం ముందు కూర్చుని నీ పోట్లాటే చెప్తాను. నువ్వు తిట్టని రోజున ‘ఏరా, ఒంట్లో బాలేదా ఆ పిల్లకి?’ అని అమ్మే అడుగుతుంది.”