ఓడ వంటవాడి పెట్టె

"ఇది గరిటె కాదమ్మాయ్, ఒక ఊరు!" అంది కెప్టెన్, పొడుగు కాడ ఉన్న చెక్క గరిటెను గాల్లో ఊపుతూ.

"ఊరే అత్తయ్యా, ఎవరు కాదన్నారు? ఆ ఊరిని కాస్త పక్కకి జరిపితే పళ్ళాలు పెట్టుకుంటాను," అంది కోడలు. ఆమె కళ్ళద్దాల షాపు తెరిచే వేళవుతోంది.

"నిన్నటి నుంచి నేను చెబుతున్నదీ అదే," అన్నాడు కొడుకు టీ కప్పు మీంచి తలెత్తకుండా. "ఊళ్ళన్నీ పెట్టెలో సర్ది పంపిద్దాం. నువ్వు మాత్రం ఇంట్లో ఉండమ్మా."

"పెట్టెను రమ్మన్నారట్రా? నన్ను రమ్మన్నారు!"

భోజనాల బల్లను సగానికి పైగా ఆక్రమించిన ఆ పాత రేకు పెట్టె కెప్టెన్ భర్తది. ఆయన పోయి చాలా ఏళ్ళయింది. నేవీలో వంటవాడిగా చేరి, వంటవాడిగానే బయటికి వచ్చాడు. ఆయన ఉద్యోగం చేసినంతకాలం యుద్ధమన్నది రాలేదు. ఆయన ఓడ కుర్రకారుకు సముద్రం నేర్పింది, తుఫాను ముంచిన తీరాలకు మందులూ దుప్పట్లూ మోసింది, దేశదేశాల రేవుల్లో మర్యాదకు ఆగి పలకరించి వచ్చింది. "అక్కడా కెప్టెనే, ఇంటికొస్తే ఇక్కడా కెప్టెనే. ఇక నా నోరు లేచేదెప్పుడు?" అని ఆయన భార్యను ఆటపట్టించేవాడు. ఆ పేరు ఆవిడకు అలాగే ఉండిపోయింది. ఇరుగుపొరుగు కూడా కెప్టెన్‌గారనే పిలుస్తారు.

ఇప్పుడా ముసలి ఓడ పని చాలిస్తోంది. ఆఖరిసారిగా శనివారం నాడు రేవు దాటి, కాసేపు సముద్రం మీద తిరిగి వస్తుందట. ఒకప్పుడు అందులో పనిచేసిన వాళ్ళ కుటుంబాలను ఎక్కించుకుంటారట. ఇళ్ళలో దాచుకున్న జ్ఞాపకాలుంటే తెమ్మన్నారు, ఓడ మీదే అందరికీ చూపిస్తారు. వచ్చేవాళ్ళ పేర్లు ఇవాళ సాయంత్రంలోగా ఫోన్‌లో చెప్పాలి. ఆ కబురు అందిన క్షణం నుంచి కెప్టెన్ కాలు నేల మీద నిలవడం లేదు. ఇన్నేళ్ళ కాపురంలో ఆవిడ ఆ ఓడను రేవు గేటు బయట నిలబడి చూడటమే తప్ప ఒక్కసారీ ఎక్కింది లేదు.

"ఇంతకీ ఇది ఏ ఊరు నాన్నమ్మా?" అంటూ మనవరాలు కాలేజీ బ్యాగు కింద పడేసి కుర్చీ లాక్కుంది.

"ఎర్ర పెంకుల ఊరు. అసలు పేరు మీ తాతకే నోరు తిరగలేదు, నాకేం తిరుగుతుంది? అక్కడ ఇంత లోతు కుండలో పులుసు కాస్తారట. అందుకే కాడ ఇంత పొడుగు."

"ఎక్కడికెళ్ళినా గరిటెలేనా? ఒక పూసల గొలుసో, వాచీనో తేవచ్చుగా తాతయ్య!"

"నేనే వద్దన్నాను. అద్దాల బీరువాలో పెట్టుకునే బొమ్మలు నాకెందుకు? 'అక్కడి ఆడవాళ్ళు పొద్దున లేస్తే చేత్తో పట్టుకునేదేదో అది తీసుకురా, వాళ్ళెలా బతుకుతున్నారో నాకు తెలుస్తుంది' అన్నాను. ఇదిగో, బట్టలారేసే ఈ చెక్క క్లిప్పులు చూశావా? గాలి ఊరివి. వీటికోసం ఒకావిడ పెరట్లోకి వెళ్ళి సైగలు చేశాడట మీ తాత. ఆవిడ దొంగనుకుని బకెట్టెడు నీళ్ళు నెత్తిన కుమ్మరించింది. తర్వాత సంగతి తెలిసి, కడుపుబ్బ నవ్వి, తువ్వాలూ ఇచ్చి, ఈ రెండు క్లిప్పులూ ఇచ్చి పంపిందట!"

మనవరాలు పకపక నవ్వింది. షాపు సంగతి మరచిపోయి కోడలు కూడా బల్ల దగ్గరే నిలబడిపోయింది. కెప్టెన్ ఒక్కొక్క వస్తువూ తీస్తోంది. మంచు ఊరి జల్లెడ, రెండు నదుల ఊరి అప్పడాల కర్రలాంటి కర్ర, కుట్టేటప్పుడు వేలికి తొడుక్కునే ఇత్తడి తొడుగు. సెలవుపై ఇంట్లో ఉన్నన్నాళ్ళూ ఆయన నడుముకు తువ్వాలు బిగించి వంటగదిలో దూరేవాడు. ఏ ఊరి వస్తువు తెస్తే ఆ ఊరి ఆడమనిషి నడుం మీద చెయ్యి ఎలా వేసుకుంటుందో, పొయ్యి ముందు ఎలా విసుక్కుంటుందో అచ్చంగా చేసి చూపించేవాడు. కెప్టెన్ కూడా లేచి, జల్లెడ ఒడిలో పట్టుకుని, మంచు ఊరి ముసలమ్మలా భుజాలు ముడుచుకుని వణికింది.

"మా క్లాసులో అందరి నాన్నలూ ఊరెళ్తే కారు బొమ్మలు తెచ్చేవాళ్ళు," అన్నాడు కొడుకు. "మా నాన్న ప్రపంచం చుట్టి జల్లెడ తెచ్చాడు."

నవ్వించడానికే అన్నాడు కానీ, ఎవరూ నవ్వలేదు.

అతని ఉద్యోగం పెద్ద భవనాల్లో నిప్పు ప్రమాదాల జాగ్రత్తలు తనిఖీ చేయడం. పెళ్ళి భోజనానికి వెళ్ళినా ముందు బయటికి దారి ఎటుందో చూసుకుని గానీ కూర్చోడు. "ఓడలో మెట్లుండవమ్మా, నిచ్చెనలుంటాయి," అన్నాడు ఇప్పుడు. "నీ మోకాలేమో మేడ మెట్లకే మూలుగుతుంది."

"మోకాలు నాది. దాన్ని నేను బతిమాలుకుంటాను."

"పడితే?"

"పడితే ఓడలో డాక్టరుంటాడు. ఇక్కడ పడితే నువ్వుంటావు, తిట్టడానికి!"

కోడలు నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. అది చూసి అతనికి ఇంకా మండింది.

"నీకూ నవ్వులాటగానే ఉందా? సరే, మోకాలు సంగతి వదిలెయ్. నాకిష్టం లేదు, అంతే. ఆ ఓడకి మనం ఇచ్చింది చాలదా? నేను సైకిలు నేర్చుకున్నప్పుడు నాన్న ఓడలో. నాకు జ్వరమొచ్చి ఆస్పత్రిలో పడుకున్నప్పుడు ఓడలో. ఆయనకి ఊళ్ళన్నీ గుర్తే, ఏ ఊళ్ళో ఎవరు ఏ గరిటె తిప్పారో గుర్తే. నేను ఏ క్లాసులో ఉన్నానో మాత్రం ప్రతిసారీ అడిగేవాడు. ఆ ఓడ పోతుంటే నాకు హాయిగా ఉంది. దానికి వీడ్కోలు చెప్పడానికి మా అమ్మని పంపను!"

కెప్టెన్ చేతిలోని జల్లెడ మెల్లగా బల్ల మీదికి దిగింది. కొడుకు కోపం ఆవిడకు కొత్త కాదు. అది ఇంత లోపలినుంచి వస్తోందని మాత్రం ఇప్పుడే తెలిసింది.

ఏం చేయాలో తోచక మనవరాలు పెట్టె అడుగున చెయ్యి పెట్టి చుట్ట చుట్టిన తాడొకటి తీసింది. "ఇదేం ఊరు నాన్నమ్మా? బట్టలారేసుకునే తాడా?"

"నన్ను కొలిచిన తాడు," అన్నాడు కొడుకు పొడిగా. "ఇంటికి రాగానే గోడకి నిలబెట్టి నా తల దగ్గర ముడి వేసేవాడు. ముడి పడిందంటే మళ్ళీ వెళ్ళిపోతాడని అర్థం. పదో క్లాసులో ఉండగా ఇక నిలబడనన్నాను."

"మరి ముడులు తక్కువున్నాయి. ఈ ఎర్ర దారాలేంటి నాన్నా, మధ్యలో ఇన్ని కట్టారు?"

అతను చూశాడు. ముడికీ ముడికీ మధ్య గుబురుగా ఎర్రదారం పోగులు, వెలిసిపోయి.

"ఏమో."

కెప్టెన్ తాడందుకుంది. "నీకు చెప్పొద్దన్నాడురా. వాడు నవ్వుతాడు అన్నాడు. ఈ తాడు ఆయన పడుకునే చోట, తల పక్కన వేలాడేది. ఓడ ఏ రేవుకి చేరినా, అక్కడ దిగేముందు ఆలోచించి, 'ఈపాటికి మావాడు ఇంత అయ్యుంటాడు' అని ఒక పోగు కట్టుకునేవాడట. ఇంటికొచ్చి నిన్ను కొలిచాక ఎంత తేడా వచ్చిందో నాకు చూపించేవాడు. చూడు, ప్రతిసారీ దారం ముడికంటే పైనే ఉంటుంది. ఎప్పుడూ నువ్వు ఎక్కువ పెరిగావనే అనుకునేవాడు."

"నేను నిలబడనన్న తర్వాత?" మెల్లగా అడిగాడతను.

"తర్వాత ముడుల్లేవు. దారాలు మానలేదు."

మనవరాలు అప్పటికే కుర్చీ ఎక్కేసింది. "లే నాన్నా, లే! గోడకి నిలబడు. అమ్మా, కింద కొస పట్టుకో!" కోడలు వంగి తాడు కొసను నేలకు అదిమింది. అతను వద్దనలేదు. షూ విప్పి, చిన్నపిల్లాడిలా గోడకు వీపు ఆనించి, గడ్డం పైకెత్తాడు.

"గడ్డం దించరా, దొంగవేషాలు," అంది కెప్టెన్. ఆ మాట కొలిచేటప్పుడు భర్త అనేది. అది నోట్లోంచి ఊడిపడ్డాక గానీ ఆవిడకే తెలియలేదు.

తాడు అతని భుజం దాటింది, చెవి దాటింది. చిట్టచివరి ఎర్రదారం అతని తలకు జానెడు పైన, ఖాళీ గోడ మీద నిలిచింది.

"అమ్మో! తాతయ్య నిన్ను తాటిచెట్టు అనుకున్నాడు నాన్నా!" అని మనవరాలు కేరింతలు కొట్టింది. కోడలు నవ్వుతూ కొస వదిలేసింది. అతను తల వెనక్కి వాల్చి ఆ దారాన్ని చూశాడు. నవ్వబోయాడు, పెదవులు మాట వినలేదు. కళ్ళు నిండి పొర్లాయి.

కెప్టెన్ దగ్గరికి వెళ్ళలేదు. చిన్నప్పుడూ అంతే, ఏడుస్తున్నప్పుడు ముట్టుకుంటే వాడికి సిగ్గు. ఆవిడ పళ్ళాలు సర్దడం మొదలుపెట్టింది. ఓడకి తానొక్కతే వెళ్ళగలదు, వెళ్తుంది కూడా. కానీ వీణ్ణి ఏడిపించి వెళ్ళడం తన వల్ల కాదని, సాయంత్రంలోగా ఫోన్‌లో ఏం చెప్పాలో ఇంకా తేలలేదని మనసులో కొట్టుమిట్టాడుతోంది.

అతను పెరట్లోకి వెళ్ళి ముఖం కడుక్కొచ్చాడు. చొక్కా కాలరంతా తడిసింది. బల్ల దగ్గర తన కుర్చీలో కూర్చుని, చల్లారిన టీని ఒక్క గుక్కలో తాగేశాడు. మనవరాలు తాడును మెడలో వేసుకుని, తండ్రినీ నాన్నమ్మనూ మార్చి మార్చి చూస్తోంది.

"శనివారం నువ్వు షాపు తెరవకు," అన్నాడు భార్యతో. కూతురి వైపు తిరిగి, "నీకు క్లాసులుంటే మానెయ్," అన్నాడు.

తర్వాత తల్లి చేతిలోంచి పళ్ళెం అందుకుని, గొంతు పెంచకుండా అన్నాడు. "నలుగురి పేర్లూ చెప్పమ్మా. అందరం వెళ్తున్నాం."