శనివారం కౌంటర్

"శనివారం కౌంటర్ మూసేయాలి," అన్నాడు కోర్మక్, తడిసిన గొడుగు ఇంకా మడవకుండానే.

కౌంటర్ వెనకున్న నూలాకి ఒళ్ళు మండింది. మనిషి బాగున్నాడనిపించేసరికి మరీ మండింది.

మా కిల్‌బ్రాకన్ క్రెడిట్ యూనియన్ అంటే ఊరివాళ్ళు దాచుకున్న డబ్బు ఊరివాళ్ళకే అప్పిచ్చే సంఘం. బ్యాంకు మూసుకుపోయాక మాకు అదే దిక్కు. కుర్రకారు మాత్రం ఫోన్లలో అప్పులు చేస్తున్నారు. ఇలాగే సాగితే పక్క పట్నం సంఘంలో కలిపేస్తారు. గట్టెక్కించమని డబ్లిన్ నుంచి ఈ అబ్బాయిని క్రిస్మస్ దాకా పిలిపించారు.

"ఐదు యూరోలు వేసి అరగంట కబుర్లు చెప్తారు. గిట్టుబాటు కాదండీ," అన్నాడు కోర్మక్.

"మీ డబ్లిన్‌లో మనుషుల్ని మెషిన్లే పలకరిస్తాయేమో!"

"మెషిన్లు కనీసం విసుక్కోవు."

"ఒక్క శనివారం ఈ కుర్చీలో కూర్చుని చూడండి."

కూర్చున్నాడు. ముసలి రైతు పాకీ వచ్చి గడ్డి కొనడానికి అప్పడిగాడు. కోర్మక్ చిటికెలో ఇచ్చేసి గర్వంగా నూలా వైపు చూశాడు. పాకీ మాత్రం లేవలేదు. వాన గురించి, దూడ గురించి చెప్పి చెప్పి, చివరికి టోపీ నలుపుతూ గొణిగాడు.

"గడ్డి ఉందిలే బాబూ. మా ఆవిడని గాల్వే ఆసుపత్రికి తీసుకెళ్ళాలి."

ఆ పూట కోర్మక్ మళ్ళీ గిట్టుబాటు మాటెత్తలేదు.

నూలా గర్వం కూడా ఎన్నాళ్ళో నిలవలేదు. సొంత తమ్ముడు అషీన్ కొత్త కారులో దిగాడు. ఫోన్ అప్పే, మండిపోయే వడ్డీకి.

"మా దగ్గరికి రాలేకపోయావా?"

"క్యూలో మిసెస్ హెన్లీ ఉంటుందక్కా! ఆదివారం ప్రార్థన అయ్యేలోపు నా అప్పు ఊరంతా తెలుస్తుంది."

నూలా ఆ మాట వెళ్ళి కోర్మక్‌కే చెప్పింది. అప్పటినుంచి ఆఫీసు మూశాక ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని, టీ చల్లారిపోయేదాకా వాదించుకున్నారు. వాదన ఎప్పుడో అయిపోయినా టీ మాత్రం ఆగలేదు.

డిసెంబరులో సర్వసభ్య సమావేశం. నూలా లేచి, కుర్రవాళ్ళకి ఫోన్‌లోనే అప్పివ్వాలంది. కోర్మక్ లేచి, శనివారం కౌంటర్ ఉండి తీరాలన్నాడు.

"ఇదేం చోద్యం! ఇద్దరూ మాటలు మార్చేసుకున్నారేమిటి?" అంది అధ్యక్షురాలు మిసెస్ హెన్లీ. హాలంతా గొల్లున నవ్వింది.

రెండూ కావాలని చేతులు లేచాయి. వాటిలో కోర్మక్ చెయ్యి కూడా ఉంది.

"నువ్వు దించు బాబూ. ఈ ఊళ్ళో ఉండే సభ్యులకే ఓటు," అంది మిసెస్ హెన్లీ.

"ఇక ఈ ఊళ్ళోనే ఉంటానండీ. పొద్దున్నే పోస్టాఫీసు మేడ మీది గది అద్దెకు తీసుకున్నాను."

నూలా చప్పున అతని వైపు తిరిగింది. "క్రిస్మస్‌కి వెళ్ళిపోతానన్నారుగా?"

"శనివారాలకి మనిషి కావాలి కదా."

"శనివారాలకేనా?"

కోర్మక్ చెవులదాకా ఎర్రబడ్డాడు. చేతిలో టోపీ లేదు గానీ, ఉంటే నలిపేసేవాడే. "కాదు. నీ కోసం, నూలా. నువ్వంటే నాకిష్టం."

వెనక వరసలోంచి పాకీ గొంతు వినిపించింది. "అసలు మాటకి రావడానికి నాకు అరగంటే పట్టిందయ్యా! నీకు మూడు నెలలా?"

నవ్వులు ఆగేదాకా నూలా తలెత్తలేదు. ఎత్తాక కళ్ళు చెమ్మగా మెరుస్తున్నాయి.

"శనివారం పొద్దున్నే వచ్చి సభ్యుడిగా చేరు," అంది. "కౌంటర్లో నేనే ఉంటాను. తొందరేం లేదు, ఎంతసేపైనా కూర్చో."