అవతలి గట్టు

జూలో ఎలిగేటర్ మొసళ్ల మడుగుకి మేత వేయడం ఇద్దరి పని. ఒకరు అవతలి గట్టు మీంచి మాంసం విసిరి పెద్దవాటిని అటు లాగాలి. అదే సమయానికి రెండోవారు ఇవతల బక్కదాని నోటికి అందించాలి. లేకపోతే అది నోరు తెరిచేలోపే మిగతా అయిదూ ఊడ్చేస్తాయి. ఏడేళ్లుగా అక్కడ పనిచేసే ఓ మొగుడూ పెళ్లాలే ఆ పని చేశారు. అన్నీ తనకే కావాలనే పెద్దదానికి అతను ‘అత్తగారు’ అని పేరు పెడితే, “మధ్యలో మా అమ్మ మీద పడ్డారేం?” అని ఆమె మూతి తిప్పేది.

విషజ్వరం అతన్ని నాలుగు రోజుల్లో తీసుకుపోయింది. ఆ స్థానంలో ఎవర్నీ వేయలేదు. ఆమె ఒక్కతే ఎన్ని తంటాలు పడ్డా బక్కదానికి ముక్క దక్కలేదు. దాని తోక ఎముకలు తేలాయి.

“ఈ వారంలో తినకపోతే మందిచ్చి శాశ్వతంగా నిద్రపుచ్చేద్దామమ్మా,” అన్నాడు డాక్టరు.

గుడ్డు పగిలిన రోజు నుంచీ అతను సాకిన జీవం అది. ఆమె గుండె చెరువైంది.

మర్నాడు మధ్యాహ్నం. ముసురు పట్టి జనం లేరు. పాచి వాసన. ఆమె బకెట్ దించగానే అవతల దభీమని నీళ్లు చిందాయి. పెద్దవన్నీ అటు తిరిగాయి. దవడలు టపటపా పడ్డాయి. ఎముక నలిగింది...

గట్టు మీద ఎవరూ లేరు.

ఆమె ఇవతల ముక్క అందించింది. బక్కది తినేసింది.

“మీరేనా?” కళ్ల నీళ్లు ఆగలేదు. భయం కన్నా సంతోషమే ఎక్కువైంది.

మూడు రోజులు అలాగే గడిచాయి. బక్కది తేరుకుంది. నాలుగో రోజు మేత అయ్యాక, ధైర్యం చేసి అవతలికి వెళ్లింది. సిమెంటు మీద తడి అడుగులు. మడమ పగుళ్లతో సహా అతనివే. కానీ అన్నీ కుడిపాదాలే. ఎడమ వైపు... ఏదో ఈడ్చిన చార.

మేత బకెట్ తన దగ్గరే ఉంటే, ఇన్నాళ్లూ అతను వాటికి ఏం విసిరాడు?

“చాలండీ... ఇంక రావద్దు. మీకు దండం పెడతాను,” అని కుమిలిపోయింది.

తను మేత వేయకపోతే అతను రాడనుకుంది. అయిదో రోజు బకెట్ ముట్టలేదు. బక్కది ఒడ్డెక్కి నోరు తెరిస్తే మొహం తిప్పుకుంది. అయినా పెద్దవన్నీ అవతలికి చేరాయి. ఏదో పాకుతున్న చప్పుడు... ఆయాసం... దభీమని నీళ్లు.

“దాని కడుపు నిండిందా?” సన్నని గొంతు. అతనిదే.

“నిండిందండీ,” అబద్ధమాడింది.

చప్పుడు ఆగింది. తర్వాత ఏదో పాకుతూ గట్టు చుట్టి ఇటే వచ్చింది.

“మరి నువ్వు తిన్నావా?”

ఈసారి గొంతు ఆమె కాళ్ల దగ్గర్నుంచి వచ్చింది.