మిడిగుడ్ల సేనానులు

చంద్రుడి మీద ఉత్తర గుమ్మటంలో ఆ వారమంతా ఎవరూ స్నానం మాట ఎత్తలేదు. మంచుగని ఈ ఏడు తమకొస్తుందో, దక్షిణ గుమ్మటానికి పోతుందో తేలేది ఆదివారం నాటి యుద్ధబల్ల మీద. అంతవరకూ తడిగుడ్డే గతి.

మనుషులు కొట్టుకుంటే గాలిగొట్టాలు పగులుతాయని భయపడి, తగవులన్నీ బొమ్మల యుద్ధంతో తేల్చుకోవాలని పెద్దలు ఏనాడో కట్టుబాటు చేశారు. ఆటకు నెపోలియన్ కాలాన్నే ఎంచుకున్నారు. ఆ యుద్ధాల్లో ఏ గుమ్మటం వాళ్ళ తాతా లేడు గనుక పాత పగలు రేగవు.

ఉత్తరం వైపు బొమ్మలకు రంగులు వేసేది సువార్త. బొటనవేలంత సేనాని కోటు మీద బంగారు అల్లిక కూడా విడిగా కనబడాలి ఆమెకు. కళ్ళు మాత్రం ఎప్పుడూ ఓరగా దిద్దేది. కంటిపాప నడిమధ్యన పెడితే బొమ్మ తేలు కుట్టినట్టు మిడిగుడ్లేసుకుని చూస్తుంది. దక్షిణం వాళ్ళ సేనానులు అలాగే ఉంటారని ఏటా నవ్వుకునేది.

ఈ ఏడు రెండు వైపుల బొమ్మల కళ్ళకూ కొత్త రంగు వచ్చింది. కమలాకరం అనే శాస్త్రవేత్త తయారు చేసిన చూపురంగు. అందులో కాంతిని పట్టే సూక్ష్మకణాలుంటాయి. పాపగా ఒక చుక్క పెడితే బొమ్మ చూస్తుంది. చూసినది బొమ్మ కాళ్ళకింది పీటలోని మతికణానికి చేరుతుంది. అది ఆలోచించి ఆజ్ఞ ఇస్తే సిపాయి బొమ్మలు అయస్కాంతాల మీద కదులుతాయి. ఆటగాడు ఆజ్ఞల పలక మీద వేలితో సలహా ఇవ్వొచ్చు. వినడం, వినకపోవడం సేనాని ఇష్టం.

ఆటగాడు తిరుపాలు. శనివారం సాధన ఆటలో తెల్లగుర్రం దొర అనే సేనాని ఉన్నచోటే నిలబడిపోయాడు. తర్వాత ఫిరంగులను మెల్లగా తన పక్కనున్న ఎర్రటోపీ దొర వైపు తిప్పాడు. ఇద్దరూ ఒకే సైన్యం!

"ఏం చెప్పావన్నా వాడికి?" అంది సువార్త.

"ముందుకు పొమ్మన్నాను. కొత్త అల్లుడిలా బిగుసుకున్నాడు. అలక తీరితే రేపు కదుల్తాడులే," అని నవ్వాడు తిరుపాలు.

ఆ నవ్వు సువార్తకు నచ్చలేదు. తిరుపాలు వియ్యంకుడిది దక్షిణ గుమ్మటం. మొన్న తిరుపాలు అక్కడికి వెళ్ళొచ్చాడు. ఎందుకని అడిగితే మాట దాటేశాడు.

ఆదివారం ఆట మొదలైంది. బల్ల చాలా పెద్దది. పలక దగ్గర కూర్చున్నవాడికి అవతలి అంచు కనబడదు. ఎత్తుపీట మీద నిలబడి శత్రువు ఎటునుంచి వస్తున్నాడో కేకెయ్యడం సువార్త పని.

తెల్లగుర్రం దొర మళ్ళీ కదల్లేదు. ఎర్రటోపీ కత్తి దూశాడు. తెల్లగుర్రం ఫిరంగులు పేలాయి, ఎర్రటోపీ దళం మీద. ఆ గందరగోళంలో దక్షిణం గుర్రాలు వచ్చి జెండా లాగేసుకున్నాయి.

మంచు పోయింది.

"వియ్యంకుడి మర్యాద బాగానే దక్కించావన్నా!" అందరి ముందూ అనేసింది సువార్త. "నా బొమ్మను అమ్ముకున్నావు."

తిరుపాలు ముఖం నల్లబడింది. "కూతురు నీళ్ళోసుకుంది. చూసొచ్చాను. మూడో నెల దాటకుండా చెప్పుకోకూడదని ఊరుకున్నా. కమలాకరం గారూ, ఆ బొమ్మనే అడగండి."

కమలాకరం తెల్లగుర్రం దొరను పలికే పీట మీద పెట్టాడు. "ఎందుకు కాల్చావు?"

"పక్కవాడు కత్తి దూశాడు." దోమ పాడినట్టుంది గొంతు.

"శత్రువు మీదికయ్యా దూసింది!"

"శత్రువెవరూ నాకు కనబడలేదు. వాడు మాత్రం మొదటినుంచీ నన్నే చూస్తున్నాడు."

కమలాకరం భూతద్దం తెచ్చి ఇద్దరు సేనానుల కళ్ళూ చూశాడు. ఎడమ పక్క నిలిచిన తెల్లగుర్రం పాపలు కుడి మూలకున్నాయి. కుడి పక్క నిలిచిన ఎర్రటోపీ పాపలు ఎడమ మూలకు.

"పాప ఎటుంటే చూపు అటేనమ్మా," అన్నాడు నీరసంగా. "అదీ చెప్పాలా అనుకున్నాను."

సువార్త అవతలి అంచుకేసి చూసింది. మిడిగుడ్ల సేనానులు ఇంకా సూటిగా ఇటే చూస్తున్నారు.

"సరే, బొమ్మలు చూడలేదు," అన్నాడు తిరుపాలు. "గుర్రాలు ఎడమ గుట్ట వెనక నుంచి తీరిగ్గా దిగొచ్చాయంట. పీట మీదున్నావు కదా తల్లీ, ఒక్క కేకైనా వెయ్యలేదేం?"

ఏ గుట్ట? ఏ గుర్రాలు? సువార్త గుర్తు చేసుకోబోయింది. ఆటంతా తలుచుకుంటే, పలక మీద కదిలిన తిరుపాలు వేళ్ళు తప్ప ఆమెకు మరేమీ కనబడలేదు.